నెలకి 500 డాలర్ల పదవి: స్కూల్ బోర్డ్ మెంబర్‌కి మళ్లీ ఓటెయ్యాలా, వద్దా?

ఈ ఎపిసోడ్‌లో ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎవరూ లేరు. ఈసారి ఒక చిన్న పదవి గురించి మాట్లాడుకుందాం. నెలకి 500 డాలర్ల గౌరవ వేతనం, అంతే. కానీ ఆ సీట్లో కూర్చున్నవాళ్ల చేతిలో 100 కోట్ల డాలర్లు దాటిన బడ్జెట్, దాదాపు 50 వేల మంది పిల్లల చదువు ఉంటాయి. ఊరు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో. పదవి స్కూల్ బోర్డ్ మెంబర్.

"మనకెందుకు బ్రో ఇదంతా?" అంటారేమో. మన అక్కలు, బావలు, ఫ్రెండ్స్ ఎంతమంది కాలిఫోర్నియాలో ఉన్నారు! ఇల్లు తీసుకునే ముందు ఫస్ట్ చూసేది స్కూల్ రేటింగే. మరి ఆ స్కూల్‌ని నడిపించేది ఎవరో ఎంతమందికి తెలుసు?

ముందు బేసిక్స్. శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డులో 7 మంది ఉంటారు. నాలుగేళ్ల పదవి, నేరుగా జనమే ఎన్నుకుంటారు. వాళ్ల పని క్లాసులోకి వెళ్లి పాఠం చెప్పడం కాదు. సూపరింటెండెంట్‌ని, అంటే మొత్తం స్కూళ్లకి పెద్దాఫీసర్‌ని నియమించాలి. బడ్జెట్ పాస్ చెయ్యాలి. రూల్స్ పెట్టాలి. నాలుగేళ్లయ్యాక "నేను ఇంత సేవ చేశాను, మళ్లీ ఓటెయ్యండి" అని వచ్చినప్పుడు మనం చూడాల్సింది ఈ మూడు పనులే.

ఇప్పుడు కథలోకి వద్దాం. 2020 మార్చిలో కోవిడ్ వల్ల స్కూళ్లు మూతపడ్డాయి. చిన్న పిల్లలు మళ్లీ క్లాసుకి వెళ్లింది 2021 ఏప్రిల్‌లో. పెద్ద క్లాసుల్లో చాలామంది అయితే ఆగస్టు దాకా ఇంట్లోనే. స్కూళ్లు తెరవండి అని ఊరి ప్రభుత్వమే స్కూల్ డిస్ట్రిక్ట్ మీద కోర్టుకెక్కింది. అంటే తల్లిదండ్రులు ఎంత విసిగిపోయి ఉంటారో ఊహించుకోండి.

సరిగ్గా ఆ టైమ్‌లో, 2021 జనవరిలో, బోర్డు ఏం చేసిందో తెలుసా? 44 స్కూళ్ల పేర్లు మార్చాలని ఓటేసింది. ఆ లిస్టులో వాషింగ్టన్, లింకన్ కూడా ఉన్నారు. పేర్ల వెనకున్న చరిత్ర గురించి చర్చ జరగడం తప్పేం కాదు. కానీ స్కూళ్లకి తాళాలేసి ఉన్నాయి! "ముందు తలుపు తియ్యండి, బోర్డు మీద పేరు తర్వాత మార్చుకోవచ్చు" అన్నది జనం మాట. విమర్శలు గట్టిగా రావడంతో ఏప్రిల్‌లో ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టేశారు. మరోపక్క 12 కోట్ల డాలర్లు దాటిన బడ్జెట్ లోటు తరుముతోంది.

అప్పుడు ఇద్దరు పేరెంట్స్ రంగంలోకి దిగారు. ఒకరు ఆటమ్ లూయెన్, ఇంకొకరు ఇండియా నుంచి వెళ్లిన శివ రాజ్. బోర్డ్ మెంబర్లని మధ్యలోనే దించే రీకాల్ ఎన్నిక కోసం సంతకాలు సేకరించడం మొదలుపెట్టారు. ఒక్కో మెంబర్ మీద 51 వేలకి పైగా సంతకాలు కావాలి. వచ్చాయి. 2022 ఫిబ్రవరి 15న ఓటింగ్ జరిగింది. గాబ్రియెలా లోపెజ్, అలిసన్ కాలిన్స్, ఫాఉగా మోలిగా ముగ్గురూ భారీ తేడాతో పదవి పోగొట్టుకున్నారు. ఇంత జరిగినా ఓటర్లలో సగం మంది కూడా రాలేదు, గమనించండి.

ఇక్కడితో శుభం కార్డు పడిపోయిందనుకుంటున్నారా? అసలు పాఠం ఇప్పుడే మొదలు.

ఖాళీ అయిన సీట్లలో మేయర్ లండన్ బ్రీడ్ ముగ్గురిని నియమించారు. యాన్ హ్సూ, లేనీ మోటమెడి, లీసా వైస్‌మన్-వార్డ్. అదే ఏడాది నవంబర్‌లో వాళ్లు జనం దగ్గరికి వెళ్లాలి. 3 సీట్లు, 6 గురు అభ్యర్థులు. దిగిపోయిన లోపెజ్ కూడా మళ్లీ పోటీ చేశారు.

యాన్ హ్సూ రీకాల్ ఉద్యమంలో పనిచేసిన తల్లి. ఆ ఊపులో ఈజీగా గెలుస్తారని ఎవరైనా అనుకుంటారు. కానీ అభ్యర్థులకి పంపిన ఒక ప్రశ్నాపత్రంలో, నల్లజాతి, లాటినో పిల్లల చదువుకి ఇంటి నుంచి సపోర్ట్ లేకపోవడం పెద్ద సమస్య అన్నట్టు రాశారు. జనం మండిపడ్డారు, రాజీనామా చెయ్యమన్నారు. ఆవిడ క్షమాపణ చెప్పారు. అయినా ఓడిపోయారు. మిగతా ఇద్దరూ గెలిచారు. మూడో సీటు అలీడా ఫిషర్‌కి వెళ్లింది. ఆవిడ స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల కోసం ఏళ్ల తరబడి పనిచేసి, అంతకు ముందు కూడా పోటీ చేసి ఓడిపోయిన మనిషి. లోపెజ్‌కి రెండో ఛాన్స్ రాలేదు.

అర్థమైందా? నిన్న దించినవాళ్లని జనం వెనక్కి తేలేదు. అలాగని దించడంలో ముందున్నవాళ్లకి బ్లాంక్ చెక్కూ ఇవ్వలేదు. మనిషి మనిషికీ విడివిడిగా మార్కులేశారు.

ఇంకో విషయం. ఐటీలో పనిచేసేవాళ్లకి ఇది బాగా తగులుతుంది. 2022 జనవరిలో ఆ డిస్ట్రిక్ట్‌లో కొత్త పేరోల్ సిస్టమ్ లైవ్‌లోకి వచ్చింది. టీచర్లకి జీతాలు తప్పుగా పడ్డాయి, కొందరికి అసలు పడలేదు. నెలలు గడిచినా సెట్ కాలేదు. నవంబర్‌లో సూపరింటెండెంట్ దీన్ని ఎమర్జెన్సీగా ప్రకటించాల్సి వచ్చింది. ఇలాంటి కాంట్రాక్టులు బోర్డు మీటింగుల్లోనే పాస్ అవుతాయి. పోస్టర్ మీద "పిల్లలే నా ప్రాణం" అని ఎవరైనా రాసుకోవచ్చు. జీతం రాని టీచర్ పిల్లలకి ఎలా చెప్తాడు? ఆ విసుగు పుట్టించే ఫైళ్లు ఓపిగ్గా చదవడమే అసలైన సేవ.

సో, మీ ఏరియాలో ఒక మెంబర్ మళ్లీ ఓటడిగితే మూడు చూడండి. ఒకటి, కష్టమైన విషయాల్లో ఎటు ఓటేశారు? కాలిఫోర్నియాలో రెగ్యులర్ మీటింగ్ ఎజెండా 72 గంటల ముందే బయటపెట్టాలి, అది చట్టం. రెండు, బడ్జెట్ లోటు వస్తే ఎక్కడ కోత పెట్టారు? మూడు, తనకి ఓటెయ్యని పేరెంట్స్ మాట కూడా విన్నారా?

"మాకు అక్కడ ఓటు లేదు, వీసా మీద ఉన్నాం" అంటారా? శాన్‌ఫ్రాన్సిస్కోలో 2016లో పాస్ అయిన ప్రపోజిషన్ ఎన్ వల్ల, పౌరసత్వం లేని తల్లిదండ్రులు కూడా స్కూల్ బోర్డుకి ఓటెయ్యొచ్చు. చాలా ఊళ్లలో ఆ వీలు లేదు. కానీ బోర్డు మీటింగ్‌లో మైక్ ముందు నిలబడి మాట్లాడటానికి పౌరసత్వం అడగరు.

మరి మన దగ్గర? విద్యా హక్కు చట్టం 2009, సెక్షన్ 21 ప్రకారం ప్రభుత్వ స్కూళ్లలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. స్కూల్‌కి వచ్చే గ్రాంట్ ఎలా ఖర్చవుతుందో చూసే అధికారం కూడా ఆ కమిటీకి ఉంది. మీ చెల్లో తమ్ముడో ప్రభుత్వ బడిలో చదువుతుంటే ఈ వారం ఒక పని చెయ్యండి. ఆ కమిటీలో ఎవరున్నారు, చివరి మీటింగ్ ఎప్పుడు జరిగిందని ఇంట్లో అడగండి.

వచ్చిన జవాబు కామెంట్స్‌లో రాయండి. "ఎవరికీ తెలీదంట" అన్నా పర్లేదు, అదీ ఒక జవాబే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!