ఎత్తు పెంచిన పాత పికప్‌కు బ్రేకు హోసులు



పొలముగట్లు, వాగులు దాటుటకై పాత జీపు పికప్‌కు కమానులకు, ఇరుసుకు నడుమ దిమ్మలు వేసి ఎత్తు పెంచినవారు మీలో కొందరుందురు. బండి లేచినది గాని, ఛాసిస్ నుండి ఇరుసుకు దిగు రబ్బరు బ్రేకు హోసు పొడవు పెరుగలేదు. నేను చూచిన ఒక బండిలో చక్రము గుంటలో దిగినప్పుడెల్ల హోసు తీగవలె బిగిసి, కొనల వద్ద పగుళ్లు తేలినవి. అది తెగినచో ఒక్క చక్రముతో పోదు; ఆ కాలపు బండ్లలో పెక్కింటికి బ్రేకు ద్రవము దారి ఒక్కటే గనుక నాలుగు చక్రములకును బ్రేకు పోవును.

కొలత బండి నేలపై నిలిచియుండగా తీయరాదు. సరుకు దించి, వెనుక చక్రములకు అడ్డుపెట్టి, ముందు ఛాసిస్‌ను లేపి గట్టి ఆధారములపై నిలుపుడు. హోసు ఒక కొన విప్పి, ఇరుసును పూర్తిగా వ్రేలాడనిండు. విప్పకున్నచో ఇరుసు బరువు హోసుపైననే పడును. చక్రములను రెండు వైపులకును కడవరకు త్రిప్పుచు, హోసు దారిన త్రాడుతో కొలువుడు. రెండంగుళముల వదులు చాలును. మిక్కిలి పొడవైనచో టైరుకు రాచుకొనును. వెనుక హోసును కూడ, ఈసారి ముందు చక్రములకు అడ్డుపెట్టి, ఇట్లే కొలువవలెను.

కొనునపుడు పాత హోసు వెంట తీసికొనిపొండు. మర సరిపోనిచో ఎంత బిగించినను కారును.

స్ప్రేయరు గొట్టము ముక్క అతికింతమను సలహా మాత్రము వినకుడు. గట్టిగా త్రొక్కినపుడు లోని ఒత్తిడి చదరపు అంగుళమునకు 1000 పౌనులు దాటవచ్చును; బ్రేకు ద్రవము మామూలు రబ్బరును చెరుచును.

క్రొత్తది బిగించి, గాలి తీసి, పెడలు గట్టిపడిన పిదపనే బండి కదపుడు.