బీడు లెక్క



అన్నం ఉడికిందో లేదో మీరెట్లా చూస్తారు? ఒక మెతుకు పట్టి చూస్తారు. కుండంతా తీసి చూడరు. ఊరి బీడులో మేత ఎంత ఉందో కూడా అట్లాగే చూడొచ్చు. కానీ ఒక తేడా ఉంది. కుండలో అన్నమంతా ఒకే తీరుగా ఉడుకుతుంది. బీడు అట్లా ఉండదు. వాగు పక్కన గరిక పచ్చగా ఉంటుంది. గుట్ట మీద రాళ్లు తేలి ఉంటాయి. అందుకే బీడుకి ఒక్క మెతుకు చాలదు. చాలా చోట్ల చూడాలి.

ఎట్లా చూడాలో చెబుతాను, వినండి.

మీటరు పొడవున్న కర్రలు నాలుగు తీసుకోండి. నాలుగూ కలిపి చదరంగా కట్టండి. ఇది మన చట్రం. బీడు ఈ చివర నుంచి ఆ చివరకు నేరుగా నడవండి. 50 అంగలు వేసి ఆగండి. ఆగిన చోటే చట్రం పెట్టండి. గడ్డి ఉన్నా పెట్టాలి. ఉత్త రాయి ఉన్నా పెట్టాలి. చోటు మనం ఏరుకోకూడదు.

ఈ సంగతి నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదటిసారి పచ్చగా ఉన్న చోటే చట్రం పెడుతూ పోయాను. నాతో వచ్చిన ఒక పెద్దమ్మ నవ్వింది. "టీచరమ్మా, మంచి వంకాయలు పైన పేర్చి గంప అమ్మినట్టుంది నీ లెక్క" అంది. నాకు సిగ్గేసింది. ఆ కాగితం చించి మళ్లీ మొదటి నుంచి నడిచాం. ఈసారి 20 చోట్లలో 7 చోట్ల ఉత్త నేలే తగిలింది. మొదటి లెక్క నమ్మి గొడ్లను తోలితే ఏమయ్యేది? ఎండాకాలం రాకముందే మేత అయిపోయేది. గొడ్లను అగ్గువకు అమ్ముకోవలసి వచ్చేది.

చట్రం పెట్టిన ప్రతిచోటా మూడు సంగతులు రాయండి.

ఒకటి, ఉత్త నేల ఎంత? పావా, సగమా?

రెండు, ఏ మొక్కలున్నాయి? గరిక ఉందా? తంగేడు, వయ్యారిభామ పెరిగాయా? అవి గొడ్లు తినవు.

మూడు, గొడ్లు తినే గడ్డి ఎంత? కొడవలితో కోయండి. వేరు పీకొద్దు. బాగా ఎండబెట్టి తూచండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 20 చోట్ల ఎండుగడ్డి కలిపి 2 కిలోలు వచ్చిందనుకోండి. అంటే చట్రానికి 100 గ్రాములు. ఎకరంలో అట్లాంటి చట్రాలు సుమారు 4,000 పడతాయి. అంటే ఎకరానికి 400 కిలోలు. అందులో సగం నేలకే వదలాలి. లేకపోతే గడ్డి మళ్లీ చిగురించదు, వానకు మట్టి కొట్టుకుపోతుంది. మిగిలింది 200 కిలోలు. 200 కిలోల బరువున్న ఆవు రోజుకు సుమారు 5 కిలోల ఎండుమేత తింటుంది. అంటే ఒక ఎకరం మేత ఒక ఆవుకు 40 రోజులు వస్తుంది.

ఏటా వానలు వెనకబడ్డాక, ఒకే నెలలో ఈ లెక్క చూడండి. చట్రం పెట్టిన చోట రాయి పాతండి. మరుసటేడు అక్కడే చూడండి. ఆ ఏడు వాన ఎట్లా పడిందో కూడా రాయండి. అప్పుడే బీడు బాగుపడుతోందో, పాడవుతోందో తెలుస్తుంది.

గ్రామసభలో ఒకరు మేత ఉందంటారు, ఒకరు లేదంటారు. అప్పుడు మీరు లేచి మీ పుస్తకం తెరవండి. మీరు రాసిన అంకెలు మీరే చదివి వినిపించండి. నేర్చుకున్న చదువు అక్కడ పనికొస్తుంది.

ఆదివారం పొద్దున చట్రం తీసుకుని బీడు దగ్గరికి వస్తాను. మీరు కొడవలి, పలక తెచ్చుకోండి. సెలవు.