ఇంటి గుట్టు – రాజ్యాంగ హక్కు

(నగరిలో మా సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

“మేమిచ్చిన డబ్బు ఎవరికి చేరింది? వాళ్ళ పేర్లు, ఫోటోలు సంచికలో వేయవచ్చు కదా?” అని దాతలు కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. అడగడం న్యాయమే. లెక్క చెప్పడం మా బాధ్యత. కానీ లెక్క వేరు, సాయం తీసుకున్న ఇంటి గుట్టు వేరు. ఆ గుట్టుకు మన కోర్టులు ఇచ్చిన విలువను నాలుగు మాటల్లో మనవి చేస్తాము.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు రాత్రిళ్ళు వచ్చి ఆయన తలుపు తట్టేవారు. ఆ రాత్రి తనిఖీలు చెల్లవని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నారు. మన తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు దానికి ఒప్పుకోలేదు. రాజ్యాంగంలో ఆ మాట విడిగా లేకపోయినా, వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని వేరే తీర్పు రాశారు. ఆయన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ కూడా.

తర్వాతి కేసు మన రాష్ట్రానిదే. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ను సవరించారు. కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకుకు వెళ్ళి, అక్కడున్న ఖాతాదారుల పత్రాలు తిరగేయవచ్చన్నారు. హైకోర్టు దాన్ని కొట్టేసింది. కెనరా బ్యాంకు కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటే నిలబెట్టింది. గోప్యత మనిషికి చెందినది, చోటుకు కాదు. కాగితం బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన ఖాతాదారు హక్కు పోదని తేల్చింది.

చివరికి 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావు గారి మాట దాదాపు 55 ఏళ్ళకు నెగ్గింది. ఆ హక్కుకు హద్దులూ ఉన్నాయి. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు.

ఈ తీర్పులు ముఖ్యంగా ప్రభుత్వాన్ని ఉద్దేశించినవి. అయినా వాటిలోని న్యాయం మన చిన్న సంఘానికీ వర్తిస్తుంది. రేషన్ కార్డు, ఆధార్ నకలు, ఆసుపత్రి చీటీలు, భర్త మరణ ధ్రువపత్రం – ఇవన్నీ నమ్మి మా చేతిలో పెడతారు. మనం ఫీజు కట్టిన పిల్ల ఫోటో సంచికలో పడితే అది ఫోన్లలో తిరిగి, రేపు పెళ్ళి సంబంధం మాట్లాడేవారి దాకా వెళుతుంది. ఆ భయంతో ఒక తల్లి దరఖాస్తే పెట్టకపోతే, మీ జకాత్ చేరవలసిన ఇంటికి చేరనట్టే.

అందుకే ఆడిటరుకు ప్రతి కాగితం చూపిస్తాము. దాతలకు ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, ఎన్ని కుటుంబాలకు అందింది చెబుతాము. పేర్లు, ఫోటోలు మాత్రం అడగవద్దని మీకు విన్నపం. బహిరంగంగా ఇవ్వడం మంచిదే, పేదలకు గుట్టుగా ఇవ్వడం మరింత మేలని ఖుర్‌ఆన్ బోధిస్తుంది.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.