అసలైన గ్రీకు భోజనం



విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు మనలో కొందరికి గ్రీకు హోటల్ భోజనం తటస్థపడుతుంది. అక్కడ చాలామంది అడిగేది మూసకా. వంకాయ, కీమా పొరల మీద తెల్లని సాస్ పోసి కాలుస్తారు. పాలు, వెన్న, మైదాలతో చేసే ఆ సాస్ ఫ్రెంచివారిది. 20వ శతాబ్దంలో నికొలాఒస్ త్సెలెమెంతెస్ అనే పాకశాస్త్రవేత్త దాన్ని మూసకాకు చేర్చి ప్రచారం చేశాడు. ఆయన పేరే గ్రీకులో వంటల పుస్తకానికి మారుపేరయింది.

మరి పాత రుచి ఏది? ఇళ్లలో వండుకునేది. తెల్ల చిక్కుడు గింజలు, ఉల్లి, క్యారెట్, ఆలివ్ నూనెతో కాచే ఫసోలాద. ఉడికించిన ఆకుకూర మీద నూనె, నిమ్మరసం చల్లిన హోర్తా. ఈస్టరుకు ముందు 40 రోజులకు పైగా మాంసం, పాలు, గుడ్లు మానే ఆచారమే ఇలాంటి వంటలను నిలబెట్టింది. వీటిని 'నిస్తీసిమా' అంటారు.

శాకాహారులకు ఒక మనవి. ఆ ఉపవాసంలో రొయ్యలు, గుల్లలు నిషిద్ధం కావు. కనుక ఆ పేరు విని ఊరుకోక, ఏమేమి వేశారో అడిగి తినండి.

హోటళ్లు మూసకాను ఎలాగూ బతికిస్తాయి. ఫసోలాద బతకాలంటే అడిగేవాళ్లుండాలి, ఇంట్లో నేర్చుకునేవాళ్లుండాలి. ఏ దేశపు వంటకైనా అంతే.