వెనక వరుసలో కూర్చున్న చెల్లెలి మాట
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పులు ఎన్ని, వసూళ్లు ఎలా ఉన్నాయి అన్నది మన అకౌంటెంట్ ఇప్పుడే చదివి వినిపించారు. ఆ లెక్కల్లో కనపడని సంగతి ఒకటి మీ ముందు పెడుతున్నాం. మన సంఘాల్లో ఎవరి మాట చెల్లుతోంది? ఎవరి మాట ఎవరికీ వినపడకుండా పోతోంది?

మనందరం ఆడవాళ్లమే కదా, ఇంట్లో మన మాటకే విలువ లేదు, ఇంక మనలో మనకి ఎక్కువ తక్కువలేంటి అని కొందరికి అనిపించవచ్చు. కానీ ఒకసారి ఆలోచించండి. మనలో కొందరికి రోడ్డు పక్కన పక్కా ఇల్లుంది. కొందరు పదో తరగతి దాకా చదివారు. కొందరిని బ్యాంకులో మేనేజరు పేరు పెట్టి పలకరిస్తారు. కొందరి కులాన్ని బట్టే ఊళ్లో ముందు కుర్చీ వేస్తారు. ఇవి ఉన్నందుకు ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే, ఇవి ఉన్నవాళ్లకి వీటి బలం కనపడదు. లేనివాళ్లకి అడుగడుగునా తగులుతూనే ఉంటుంది.

మీటింగు సంగతే తీసుకోండి. లీడరు ఇంట్లో పెడితే అందరికీ వీలు అనుకుంటాం. కాలనీ నుంచి వచ్చిన చెల్లెలు ఆ ఇంటి అరుగు ఎక్కాలా వద్దా అని తడుముకుంటుంది. కింద నిలబడే వేలిముద్ర వేసి వెళ్లిపోతుంది. రిజిస్టరులో హాజరు పడుతుంది, ఆమె మాట మాత్రం పడదు.

జరిమానా కూడా అంతే. ఆలస్యంగా వస్తే అందరికీ ఒకటే జరిమానా అంటే న్యాయంగానే ఉంటుంది. నాట్ల రోజుల్లో పొద్దుగూకే దాకా మడిలో వంగి ఉన్న మనిషికీ, రొయ్యల గుంటల దగ్గర కాపలాకి కుటుంబంతో సహా వెళ్లిపోయిన యానాది చెల్లెలికీ, ఇంటి పక్కనే మీటింగు ఉన్నవాళ్లకీ అదే లెక్క అయితే, కట్టేది ఎప్పుడూ ఒకరే అవుతారు.

ఇక అప్పు. ఆస్పత్రికి అయిదు వేలు కావాలని అడిగిన మనిషి గురించి, ఆమె లేనప్పుడు "తీర్చలేదులే" అని మనమే తేల్చేస్తాం. ఆమె వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది. ఆ వడ్డీకి మన కిస్తీ ఆగుతుంది. ఒకరి కిస్తీ ఆగితే బ్యాంకు దగ్గర గ్రూపు మొత్తానికి చెడ్డపేరు. కాబట్టి వినడం అంటే జాలి చూపడం కాదు. సంఘం నిలబడాలంటే వినక తప్పదు.

ఇది మన నెల్లూరు జిల్లాకి కొత్త పాఠం కాదు. 1991లో ఇక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడులకు వచ్చినవాళ్లలో చాలామంది దళిత, వెనుకబడిన కులాల కూలీ ఆడవాళ్లు. అక్షరాలు నేర్పడానికి పెట్టిన బడుల్లో వాళ్లు సారా గురించి మాట్లాడారు. కూలి డబ్బులు సారా కొట్టుకి పోతున్న సంగతి, ఇంట్లో పడే దెబ్బల సంగతి చెప్పారు. ఇది పాఠంలో లేదు, ఆపండి అనలేదు. వాళ్ల బతుకే వాచకంలో పాఠం అయింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి. ఈ రోజు మనం కూర్చున్న నీడకి విత్తనం వేసింది ఆ కూలీ ఆడవాళ్ల మాటే.

మరి వినడం ఎలా? "ఏమ్మా, నీకు సమ్మతమే కదా?" అని నలుగురిలో అడిగితే "సరే అక్కా" అనడం తప్ప ఆమెకి ఇంకో దారి లేదు. "ఈ నెల కిస్తీకి నీకేం అడ్డం వస్తోంది?" అని అడిగి, ఆమె చెప్పేదాకా ఆగాలి. ఒక్కోసారి ఆమె చెప్పేది మన గురించే అవుతుంది. గ్లాసు వేరే పెట్టారనో, కుర్చీ వేయలేదనో అంటుంది. "మేం అలాంటివాళ్లం కాదు" అని వెంటనే అడ్డుపడితే ఆ నోరు మళ్లీ తెరుచుకోదు. ఆమెకి ఆధార్‌లో, రేషన్ కార్డులో చిక్కు ఉంటే ఆమె తరఫున మనమే ఆఫీసులో మాట్లాడి వచ్చేయడం కూడా సరికాదు. తోడు వెళ్దాం. ఆమెనే మాట్లాడనిద్దాం.

అందుకని నాలుగు పనులు మీ ముందు పెడుతున్నాం.

ఒకటి, మీటింగు ఒకే ఇంట్లో కాకుండా వంతుల ప్రకారం కాలనీలో కూడా పెట్టాలి. టైము కూలికి వెళ్లేవాళ్లని అడిగి పెట్టాలి.

రెండు, చర్చ వెనక వరుస నుంచి మొదలవ్వాలి. లీడర్లు చివర మాట్లాడాలి.

మూడు, జరిమానా రాసేముందు కారణం అడిగి మినిట్స్ పుస్తకంలో రాయాలి. అప్పు కాదన్నా ఆ కారణం ఆమె ఎదుటే చెప్పాలి.

నాలుగు, లీడర్లను మార్చే టైము వచ్చినప్పుడు ఇంతవరకూ ఆ అవకాశం రానివాళ్లని ముందు అడగాలి. సంతకం రాదని పక్కన పెట్టకూడదు. సంతకం నేర్చుకోవచ్చు, బుక్ కీపరు సాయం ఉంటుంది.

ఇక్కడ చప్పట్లు కొట్టి వీటిని ఒప్పుకోవద్దని కోరుతున్నాం. మీ గ్రామ సంఘాలకు తీసుకెళ్లండి. ఈ పనులు ఎవరి కోసం అంటున్నామో ముందు వాళ్లనే అడగండి. వాళ్లు మార్చమన్నది మార్చి, అప్పుడు తీర్మానం రాయండి. వచ్చే మహాసభకి ఆ తీర్మానాలు వాళ్లే చదవాలి. మేం కింద కూర్చుని వింటాం.