వంటగట్టు రాయి – నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ, వైద్య బిల్లుల గురించీ పెద్దలు చెప్పారు. నన్ను ఇంటి విషయం రెండు ముక్కలు చెప్పమన్నారు. నేను ముప్పై ఏళ్లు స్టోర్సులో పనిచేశాను. ఆఫీసుకు బీరువా కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించేవాణ్ణి. అటువంటివాణ్ణి, గ్రాట్యుటీ డబ్బుతో ఇల్లు బాగుచేయించినప్పుడు వంటగట్టు రాయి మాత్రం ఎవరినీ అడగకుండా ఎంచాను. దుకాణంలో తెల్లటి మార్బుల్ మెరుస్తూ కనబడింది. అడ్వాన్సు ఇచ్చి వచ్చేశాను.

పాలు పొంగించిన వారంలోపే నిమ్మకాయ కోసినచోట మెరుపు పోయింది. చింతపండు గిన్నె పెట్టినచోట గుండ్రటి గుర్తు పడింది. పసుపు మరకలు సరేసరి. మా ఆవిడ రోజూ తోమేది. చుట్టాలొస్తే "నేనే సరిగా తుడవలేదండీ" అనేది. తప్పు ఆమెది కాదు, రాయిదీ కాదు. నాది. ఆ మాట ఆమెతో ఒప్పుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

కారణం చిన్నదే. మార్బుల్, కడప, తాండూరు, షాబాద్, బేతంచర్ల బండలు అన్నీ సున్నపురాయి జాతివి. పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. అది మరక కాదు, ఎంత తోమినా పోదు. మన వంటలో పులుపు లేని రోజేది? కడప బండ ఉన్నవారు పీకించనక్కరలేదు, నిమ్మచెక్క పళ్లెంలో పెట్టుకుంటే చాలు. యాసిడ్‌తో మాత్రం కడగకండి.

గ్రానైటుకు ఈ బాధ లేదు. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ రాయి విదేశాలకు సైతం వెళుతోంది. అయితే మన వయసులో చూపు తగ్గుతుంది. నల్లరాయి మీద నల్లపిడి చాకు కనబడదు. చుక్కలున్న బూడిదరంగు మేలు, లేదా గట్టుపైన మంచి దీపం పెట్టించండి.

ఇప్పుడు క్వార్ట్‌జ్ పలకలు వచ్చాయి. మరక పట్టవు గాని, రాతిపొడిని రెజిన్‌తో అతికించినవి కనుక పొయ్యి మీది మూకుడు నేరుగా దింపితే మచ్చపడతాయి. కుదురు ఉండాలి. వీటిని కోసేటప్పుడు లేచే దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తులను తినేస్తుంది. అందుకే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వీటిని నిషేధించింది. గ్రానైటు దుమ్ము కూడా మంచిది కాదు. ఏ రాయైనా నీళ్లు పోస్తూ కోయమనండి. ఆ కుర్రవాడికీ ఇల్లుంది.

పొయ్యి వెనక గోడకు నున్నటి పెద్ద టైల్సు వేయించండి. జిడ్డు, పసుపు పట్టేది టైలుకు కాదు, అతుకులకు. అతుకులు తగ్గితే తోముడు తగ్గుతుంది. వాటిలో తెల్ల సిమెంటుకు బదులు ఎపాక్సీ నింపితే ఖర్చు ఎక్కువైనా మరక పట్టదు.

కొనేముందు రాయిముక్క అడిగి తెచ్చుకోండి. నిమ్మరసం, చింతపండు పులుసు, పసుపు కలిపిన నూనె ఒక్కొక్క చుక్క వేసి రాత్రంతా ఉంచండి. ఉదయం తుడిచి వెలుతురులో ఏటవాలుగా చూడండి. ఏ కొటేషనూ చెప్పని సంగతి ఆ ముక్క చెబుతుంది.

చివరిగా ఎత్తు. వంటచేసే మనిషి మోచేయి వంచి నిలబడితే, గట్టు దానికి మూడు నాలుగు అంగుళాలు కిందికి ఉండాలి. నేను మేస్త్రీ చెప్పిన కొలతకు తలూపాను. పొట్టిమనిషైన మా ఆవిడ భుజాలు ఎగేసి కూరలు తరిగి మెడనొప్పి తెచ్చుకుంది.

రెండేళ్ల క్రితం ఆ గట్టు తీయించి మళ్లీ కట్టించాం. ఈసారి ఎంపిక ఆమెది, కొలత ఆమెది. బిల్లు కట్టడమే నా వంతు. ఆమె ఇక్కడే మూడో వరుసలో కూర్చుంది. ఇంట్లో ఒప్పుకున్నాను గాని, చుట్టాల ముందు పడ్డ మాటకు నలుగురిలోనే చెప్పాలి: ఆ మచ్చలు నావే.