రాగిదారులయందు దోషాన్వేషణము
(ఉయ్యూరు వార్షికమహాసభయందలి యుపన్యాసము)



గత సంవత్సరము మన విద్యానిధినుండి ద్రవ్యము గైకొనిన వసతిగృహవిద్యార్థి యొకఁడు, చేపలచెఱువు నీటియందు కరఁగియున్న ప్రాణవాయువును కొలుచు యంత్రమునకై అయిదు సర్క్యూటు పలకలు సిద్ధపఱచెను. బ్యాటరీ తగిలించినంతనే రెండు మాడిపోయినవి. మన ధనము బూడిదయయ్యెనని కొందఱనిరి. అట్లనినవారిలో మేమును ఉంటిమి. కావున ఈ ప్రసంగమును కొంత ప్రాయశ్చిత్తముగా భావింపుఁడు.

తీగలకు మాఱుగ పలుచని రాగిదారులు గల యిట్టి పలకను ఆస్ట్రియా దేశీయుఁడగు పాల్ ఐస్లర్ 1936లో ఇంగ్లండునందు రేడియోకై చేసి చూపెను. మన బందరున 1983లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని గైకొనిన భారత్ ఎలక్ట్రానిక్స్ వారి పనియు ఈ విద్యకు దూరమైనది కాదు. సంధి కూడనిచోట రెండు దారులు సంధి పొందుటను పనివారు షార్టు అందురు. మేము చదివిన తర్కమున ధూమమును జూచి వహ్ని నూహింతురు. ఈ వృత్తియందన్ననో, ధూమము పుట్టిన పిదప హేతువు కూడ కాలిపోవును.

మిగిలిన మూఁడింటిలో నొకదానియందే షార్టుండుటచే నమూనాచిత్రము నిర్దోషమనియు, తప్పు చేతిపనియందే కలదనియు తేలినది. కాని యెచ్చట? సామాన్యపు మీటరు కూఁతవేసి తప్పు కలదని చెప్పును, చోటు చెప్పదు. మేమును ముప్పదియేండ్లు బాలుర పత్రములపై అట్లే గీఁత గీసితిమి. 35 మైక్రాన్ల మందము, కాలు మిల్లీమీటరు వెడల్పు గల రాగిదారికి అంగుళమునకు నిరోధము ఇంచుమించు 0.05 ఓము, ఆ మీటరు 0.1 ఓముకంటె తక్కువ చూపఁజాలదు.

వేసవి సెలవులలో మేమాతనికడ రెండు దినములు కూర్చుంటిమి. ఆతఁడు అర వోల్టునకు మించకుండ, 100 మిల్లీయాంపియర్లకు కట్టడిచేసి, షార్టుపడిన దారిగుండ విద్యుత్తును పంపెను. మీటరును మిల్లీవోల్టులయందుంచి, ఒక మొనను భూమార్గమున నిలిపి, రెండవ మొనతో దారివెంట అడుగడుగునకు చూచెను. అంగుళమునకు అయిదేసి మిల్లీవోల్టులు తగ్గుచు వచ్చి, ఒకచోట తగ్గుట మానెను. కాలువకు గండిపడి నీరంతయు నందే పోవునపుడు వాలు గండివఱకే యుండును, దిగువను నీరు కదలదు. ఉయ్యూరివారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ చోటనే, చిప్పు రెండు కాళ్ల నడుమ, వెండ్రుకంత టంకము! భూతద్దముతో మా కన్నులకును కనఁబడెను. మాడిన రెండింటను ఆ చోటనే మసి యుండెను. కాఁచిన రాగియల్లికతో ఆ టంకమును పీల్చివేయఁగా మీటరు కూఁత యాఁగెను. ఆ పలక నేఁడు పనిచేయుచున్నది.

విద్యుత్తును కట్టడిచేసి యిచ్చు యంత్రమును ఆతఁడు కళాశాలనుండి రెండు దినములకు ఎరువు తెచ్చెను. వసతిగృహమున నట్టిది యొకటి యుండవలెనని మా విన్నపము. మొదటి చందా మేమీ వేదికపైననే చెల్లించుచున్నాము.